గోడలు లేని షెల్టర్

తొంభైల మొదట్లో, ఆర్థిక సంవత్సరం ముగియడానికి కొన్ని వారాలే ఉన్న రోజుల్లో, నన్ను జమ్మలమడుగు సెక్షనుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. అంతకుముందు ప్రొద్దుటూరు డివిజన్ ఆఫీసులో డ్రాయింగులు సరిచూసుకుంటూ ఫ్యాను కింద కూర్చున్నవాణ్ణి. సెక్షను ఉద్యోగం వేరు. పల్లెల్లో కట్టే బడి గదులకు, కల్వర్టులకు, నీళ్ళ ట్యాంకులకు స్థలం చూడాలి, ఎస్టిమేటు వేయాలి, ముగ్గు పోసి పునాదులకు గుర్తులివ్వాలి. కాంట్రాక్టరు పని చేస్తుంటే సిమెంటు దగ్గర కాపలా కాయాలి. చివరకు జరిగిన పనిని కొలిచి కొలతల పుస్తకంలో ఎక్కించాలి. మమ్మల్ని ఏఈలంటారు. మా పైన డీఈ, ఆయన పైన ప్రొద్దుటూరులో ఈఈ. పని బాగుంటే పేరు పైనుంచి కిందికి వస్తుంది. పని చెడితే ముందుగా దొరికేది ఏఈ.

నేను జమ్మలమడుగులోనే పుట్టి పెరిగాను. మా నాయన మిషన్ బడిలో టీచరు. ఆయన నుంచి నాకు సంక్రమించిన ఆస్తి అనుమానం ఒక్కటే. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవారు. నేనూ అంతే. కాంట్రాక్టరు మరీ వంగి నమస్కారం పెడితే ఇసుక కుప్ప దగ్గరికి నడిచేవాణ్ణి. ఇది చెడ్డ గుణమని మా ఆవిడ అంటుంది. నేను కట్టించిన స్లాబు ఒక్కటీ కూలలేదని నేనంటాను.

సెక్షనులో చేరగానే నా బల్ల మీదికి వచ్చిన మొదటి మంజూరు, పులివెందుల వెళ్ళే దారిలో ఒక ఊరి స్టేజి దగ్గర ప్యాసింజర్ షెల్టర్. ఊరి పేరు రాయను. ఆ మనుషుల పిల్లలు అక్కడే ఉన్నారు, నాకూ ఆ దారిన పనులుంటాయి. స్టేజి అంటే మా వైపు బస్సు ఆగే చోటు. షెల్టరుకు మా ఆఫీసులో ఒక టైప్ డిజైన్ ఉండేది. అంటే ఊరేదైనా ఒకటే బొమ్మ. మూడు వైపులా గోడ, రోడ్డు వైపు ఖాళీ, పైన స్లాబు, లోపల కూర్చోవడానికి కడప బండతో అరుగు, వెనక గోడకు ప్రారంభించిన నాయకుడి పేరుతో శిలాఫలకం. మార్చి ఆఖరులోగా పని మొదలు కాకపోతే నిధులు వెనక్కి పోతాయి.

ఇక్కడ షెల్టర్ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. ఆఫీసులో అది స్లాబు, గోడలు, అరుగు. మా ప్రార్థన కూటాల్లో పెద్దలు దేవుణ్ణి ఆశ్రయమనీ దాగుచోటనీ పిలిచేవారు. మా నాయన బడిలో ఆ ఇంగ్లిషు మాటకు అర్థం అలాగే రాయించేవారు. రాజకీయాల్లో టికెట్టు దక్కని నాయకుడు అవతలి పార్టీలో షెల్టర్ తీసుకునేవాడు. ఇవన్నీ పట్నపు అర్థాలు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఇంగ్లిషు ముక్క రాని ముసలమ్మకు కూడా తెలిసిన అర్థం ఇంకొకటి ఉండేది. కేసులో ముద్దాయి అయి పరారీలో ఉన్నవాణ్ణి ఇంట్లో దాచి అన్నం పెట్టడమే షెల్టర్ ఇవ్వడం. అలా ఇచ్చినవాడి ఇంటి మీదికి అవతలి పార్టీ వస్తుంది, పోలీసులూ వస్తారు. ఎవరు ముందొస్తే మేలో చెప్పడం కష్టం. ఆ మాటను జనం గొంతు తగ్గించి అనేవారు.

నేను పేరు రాయని ఆ ఊళ్ళో రెండు వీధులు, రెండు పార్టీలు. పైవీధికి ఒక పెద్దాయన, కింద వీధికి ఒక పెద్దాయన. నేను చేరడానికి కొద్ది నెలల ముందు పైవీధి మీద బాంబులు పడ్డాయి. ఆ కేసులో మొదటి ముద్దాయి కింద వీధి ఓబులేసు. వాడు కనిపించకుండా పోయాడు. పైవీధి వాళ్ళు వాడి కోసం పొలాల్లో, బంధువుల ఊళ్ళలో, వేంపల్లె సంతలో, మైలవరం డ్యాం గట్టు మీద వెతుకుతూనే ఉన్నారు. దొరికితే కోర్టు దాకా తీసుకుపోయే ఉద్దేశం వాళ్ళకు లేదు.

షెల్టర్ పని దక్కిన కాంట్రాక్టరు కింద వీధి పెద్దాయనకు దగ్గరి బంధువు. ఇందులో వింతేమీ లేదు. ఏ పని ఎవరికి వస్తుందో ఆ రోజుల్లో టెండరు ఫారాలు అమ్మకముందే తెలిసిపోయేది. ఆయన అప్పటికే అదే ఊళ్ళో బడి గదులు కడుతున్నాడు. స్టేజికి కొంచెం అవతల రోడ్డు పక్కన సిమెంటు బస్తాల కోసం రేకుల షెడ్డు వేసి, ఒక వాచ్‌మన్‌ను పెట్టాడు.

స్టేజి దగ్గర సర్కారు స్థలం లేదు. ఉన్నదల్లా హుస్సేనప్ప స్థలం. హుస్సేనప్ప సైకిళ్ళకు పంచర్లు వేసేవాడు. అంగడి ముందు, వెనక ఇల్లు. ఇల్లంటే మట్టి మిద్దె. పైవీధి సైకిలూ కింద వీధి సైకిలూ ఆయన దగ్గర పక్కపక్కనే బోర్లా పడుకునేవి. తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. రెండు పార్టీల్లో దేనికీ చెందకుండా ఆ ఊళ్ళో బతుకుతున్న కొద్దిమందిలో ఆయన ఒకడు. నేను అడిగితే, అంగడి పక్కన ఖాళీగా ఉన్న ముక్క ఇస్తానన్నాడు. జనం నిలబడితే నాలుగు సైకిళ్ళకు గాలి పడుతుందని ఆయన లెక్క. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాడు. ఆ రోజు ఇంటి లోపలికి వెళ్ళినప్పుడు ఒక గదికి బయట తాళం ఉండడం చూశాను. నా చూపు అటు పడగానే ఆయన భార్య వచ్చి ఆ తలుపు ముందు నిలబడింది. అది నా మనసులో ఉండిపోయింది.

స్థలం ఖరారు చేయడానికి డీఈగారు జీపులో వచ్చారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మంచివారు. ఆ మంచితనం నాలుగు వీధులకు వినిపించేలా మాట్లాడేవారు. బస్సు కోసం నిలబడ్డ జనం, టీ అంగడి ముందు కూర్చున్న రెండు వీధుల మనుషులూ వింటుండగా హుస్సేనప్ప భుజం మీద చెయ్యి వేసి, "ఈయన షెల్టర్ ఇస్తున్నారండీ! ఇలాంటివాళ్ళు ఊరికొకరు ఉండాలి" అన్నారు.

టీ తాగేవాళ్ళు గ్లాసులు దించారు. పైవీధి మనిషి ఒకడు నెమ్మదిగా అడిగాడు: "ఎవురికి సార్ ఇచ్చేది?"

"అందరికీనండీ! ఎవరొస్తే వాళ్ళకి. రాత్రనీ పగలనీ లేదు, ఏ పార్టీ అని చూసేది లేదు" అన్నారు డీఈగారు.

"బస్సు షెల్టరప్పా, బస్సుది" అని నేను అందుకున్నాను. అది మరీ అధ్వానంగా వినిపించింది. నోరు జారిన పెద్ద ఆఫీసరు మాటను చిన్న ఆఫీసరు సర్దుతున్నట్టు ఉంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హుస్సేనప్ప చేతిలో ఉన్న ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వస్తున్నాయో లేదో కూడా చూడకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తిరుగు దారిలో ఆ మాటకు ఇక్కడి అర్థం ఏమిటో నేను చెబితే డీఈగారు నమ్మలేదు. "మాట మంచిదేనయ్యా, మీ మనసుల్లోనే ఉంది" అన్నారు.

వారం తిరక్కుండానే హుస్సేనప్ప జమ్మలమడుగు ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, మీ డీఈ సారు ఒక్క మాటతో నన్ను సంపినాడు. షెల్టరిచ్చే మొగోడంట నేను. పైవీధోళ్ళు దినామూ వచ్చి గాలి పట్టిచ్చుకుంటాండారు. టైర్లో గాలి శానా ఉండాదప్పా అంటే, ఉండనీలే, పట్టు అంటారు. వాళ్ళు చూసేది టైరు కాదు సార్, నా ఇంటి తలుపు."

కింద వీధి పెద్దాయనతో ఒక మాట చెప్పించకూడదా అని అడిగాను.

"పోతి సార్. మీ ఓబులేసు నా ఇంట్లో లేడని పదిమందిలో ఒక్క మాట చెప్పు మామా అని కాళ్ళు పట్టుకుంటి. ఆయప్ప నవ్వె. నువ్వు పెట్టుకోలేదంటే పెట్టుకోలేదులేప్పా అనె. ఆ మాట పైవీధోళ్ళ ముందర అనొచ్చు గదా? అనడు." తర్వాత, "పిల్లోళ్ళను వేంపల్లెకు వాళ్ళ అవ్వ కాడికి పంపిచ్చినా. నేనూ పోతే అంగడి పోతాది. పోకుంటే నేనే పోతా" అన్నాడు. తన సంతకం కాగితం తిరిగి ఇచ్చేయమన్నాడు. ఆ మాట తన ఇంటి పక్కన వద్దన్నాడు.

ఇచ్చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇస్తానన్నవాడు వెనక్కి తగ్గాడంటే లోపల ఏదో ఉందనే అర్థం. ఆ మాటే ఆయనతో చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. నాకు చాలా బాధ కలిగింది. బాధతోపాటు ఆ తాళం వేసిన గది కూడా గుర్తుకొచ్చింది. ఓబులేసు నిజంగానే అందులో ఉంటే? అడిగితే లేడనే అంటాడు. ఎవరైనా అంతే అంటారు. అందుకని అడగలేదు.

ఆ రోజుల్లో నేను అనుమానించిన ఇంకొకటి కాంట్రాక్టరు సిమెంటు షెడ్డు. బడి పని చూడటానికి వెళ్ళినప్పుడల్లా బస్తాలు లెక్కపెట్టడం నా అలవాటు. వెళ్ళినప్పుడల్లా వాచ్‌మన్, తాళం చెవి ఊళ్ళో ఉందని చెప్పి నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి వెళ్ళేవాడు. చాలాసేపటికి వచ్చి తీసేవాడు. సర్కారు పని సిమెంటును ఎవరి మిద్దెకో తోలుతున్నాడని నా అనుమానం. కానీ లెక్కపెడితే బస్తాలు సరిగ్గా ఉండేవి. సరిగ్గా ఉన్నందుకు నాకు ఇంకా అనుమానం వచ్చేది.

హుస్సేనప్ప ఇల్లు వెతకాలి. వెతికినట్టు ఉండకూడదు. పైవీధి వాళ్ళు వెతికితే కింద వీధి ఒప్పుకోదు, పోలీసులు వెతికితే ఆయన పరువు పోతుంది. బాగా ఆలోచించి ముగ్గు పోసే రోజున ఒక పని చేశాను. టేపు తీసి, కొత్త పునాది పక్క ఇంటి గోడలకు ఎంత దూరంలో ఉందో కొలవాలనీ, పాత మట్టి మిద్దె కాబట్టి లోపలి గోడలు కూడా కొలవాలనీ చెప్పాను. పక్క కట్టడం దూరం చూడటం వరకూ నిజమే. లోపలి గోడల సంగతి ఏ నిబంధనల్లోనూ లేదు. అప్పటికి స్టేజి దగ్గర రెండు వీధుల జనమూ ఉన్నారు. పైవీధి మనిషిని పిలిచి టేపు ఒక కొస ఇచ్చాను. వాడు పట్టుకోగానే, నేను పిలవకముందే, కింద వీధి మనిషి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. వాళ్ళలో ఒకణ్ణి నమ్మి ఇంకొకడు వదిలేయడని నాకు తెలుసు. నా పథకానికి ఆధారం అదే.

ముందు గది, వంటిల్లు, వెనక వసారా, మిద్దె మెట్లు అన్నీ కొలిచాం. పైవీధి మనిషి ప్రతి మూలకూ తొంగిచూశాడు, గాదె వెనక కూడా టేపు పెట్టాడు. కింద వీధి మనిషి టేపు తప్ప ఏమీ చూడలేదు, అంకె చెప్పి ముందుకు నడిచాడు. పని తెలిసినవాడనుకున్నాను. తాళం వేసిన గది దగ్గరికి వచ్చేసరికి అందరం ఆగాం. హుస్సేనప్ప భార్య మళ్ళీ తలుపుకు అడ్డం నిలబడింది. హుస్సేనప్ప నా వైపు చూశాడు. నేను అంకెలు రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

"తియ్‌మే," అన్నాడు ఆయన భార్యతో. "ఈ పొద్దుతో ఇదీ పోనీ."

తలుపు తీశారు. లోపల శెనక్కాయల మూటలు, పాత టైర్లు, కువైట్ కంబళ్ళు, అట్టపెట్టె విప్పని పెద్ద రంగుల టీవీ. మనిషి లేడు. పైవీధి మనిషి మూటల వెనక్కి వెళ్ళి వచ్చి, టీవీ వైపు చూసి, "ఇదేంది మామా, దీన్ని పెట్టెలో పెట్టి తాళమేసినావు?" అన్నాడు.

"మా తమ్ముడు పంపిచ్చినాడప్పా. పెడితే మీ వీధోళ్ళు వస్తారు, వాళ్ళ వీధోళ్ళు వస్తారు. అందరూ నా ఇంట్లో ఒకే సాప మీద కూసోవల్ల. ఆడ ఏమైతాదో నాకు తెల్దా? పాడుగాను, అదే వద్దని తాళమేసినా."

మొదట పైవీధి మనిషి నవ్వాడు. తర్వాత కింద వీధి మనిషీ నవ్వాడు. హుస్సేనప్ప మాత్రం నవ్వలేదు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది, ఆయన ఇంట్లో ఉన్నది టీవీ అని. మర్నాటి నుంచి గాలి నిండిన టైర్లు రావడం మానేశాయి. నాలుగు రోజులకు పిల్లలు వేంపల్లె నుంచి తిరిగొచ్చారు.

ఇక మిగిలింది గోడలు. ముగ్గు మూడు వైపులా పోసి ఉండటం చూసి పైవీధి ముసలామె ఒకామె, గంపతో బస్సు కోసం నిలబడి ఉన్నది, ఇవేంది అని అడిగింది. గోడలు అవ్వా, వాన జల్లు కొట్టకుండా అని చెప్పాను.

"జల్లు కొడితే తడుస్తాము సారూ. గోడెనక ఎవురుండేదీ కనపడకుంటే సస్తాము."

కింద వీధి వాళ్ళు ఆమె మాటకు తలలూపారు. ఆ రెండు వీధులూ ఒక విషయంలో ఒక్కటి కావడం నేను చూసింది అప్పుడే. ఆ తర్వాత చూడలేదు. మా టైప్ డిజైన్ గీసిన వాళ్ళ వైపు భయపడవలసింది వానకు. ఇక్కడ వాన రావడమే తక్కువ. మూడు గోడల మధ్య కూర్చుంటే బస్సు తప్ప ఇంకేమీ కనిపించదు. ఈ మనుషులకు బస్సు కన్నా ముందు పక్క సందు కనిపించాలి. డిజైన్ నుంచి తప్పుకోవాలంటే డీవియేషన్ అంటారు, దానికి ఈఈ ఆమోదం కావాలి. గోడలు లేకపోతే అది షెల్టర్ ఎలా అవుతుందయ్యా అని డీఈగారు అడిగారు. అయినా ఈసారి నా మాట విని సంతకం పెట్టారు. ఈఈగారు కారణం అడగలేదు, ఆయనది ఈ జిల్లాయే. తగాదా వచ్చింది శిలాఫలకం దగ్గర. దాన్ని అమర్చడానికి గోడ లేదు. తన పేరు రాకుండా చేయడానికే గోడలు తీసేశారని ప్రారంభించడానికి రావలసిన నాయకుడు అనుమానించి, ఇందులో అవతలి పార్టీ హస్తముందని ఒక సభలో అన్నాడు కూడా. చివరకు విడిగా ఒక దిమ్మె కట్టి దాని మీద పెట్టాం. స్థలం ఇచ్చినవారి పేరు వేయబోతే హుస్సేనప్ప చేతులు జోడించాడు. కాగితాల్లో అది ప్యాసింజర్ షెల్టర్‌గానే ఉండిపోయింది. ఊళ్ళో అందరూ నాలుగు కాళ్ళ మిద్దె అనేవారు.

మరుసటి ఏడు ఓబులేసు జమ్మలమడుగు కోర్టులో లొంగిపోయాడు. పెద్దలు రాజీ పడ్డారు, సాక్షులు ఎదురు తిరిగారు, కేసు కొట్టేశారు.

చాలా ఏళ్ళ తర్వాత నేను డీఈగా ఆ దారిన వెళుతూ స్టేజి దగ్గర జీపు ఆపించాను. నాలుగు కాళ్ళ మిద్దె కింద అరుగు మీద నెరిసిన జుట్టు మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "గుర్తు పట్టలేదా సార్, ఓబులేసును" అన్నాడు. నేను వాణ్ణి అంతకుముందు చూడలేదు, గుర్తు పట్టేదెలా అన్నాను. వాడు నవ్వాడు.

"మీరు నన్ను సూళ్ళేదు గాని, నేను మిమ్మల్ని శానాసార్లు సూస్తి. సిమెంటు షెడ్లో మీరు బస్తాలు లెక్కపెడతాంటే ఆ ఎనకనే కూసోనుంటి. మీరు వచ్చినారని ముందుగాల వాచ్‌మన్ ఎనకమాల రేకు తట్టి చెప్పిపోయేటోడు, బస్తాలు నా ముందరికి జరుపుకుంటి. ఒకతూరి ఆ దుమ్ముకు తుమ్మొచ్చె సార్. తువ్వాలు నోట్లో కుక్కుకుంటి."

బస్తాలు ఎందుకు సరిగ్గా ఉండేవో (ఒక్కటి తగ్గినా నేను షెడ్డంతా గాలించేవాణ్ణి), తాళం చెవి రావడానికి ఎందుకు అంతసేపు పట్టేదో, కింద వీధి మనిషి ఆ ఇంట్లో టేపు తప్ప ఎందుకు ఏమీ చూడలేదో, పెద్దాయన ఎందుకు నవ్వి ఊరుకున్నాడో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. అందరి చూపూ హుస్సేనప్ప తలుపు మీద ఉన్నంతకాలం షెడ్డు వైపు ఎవరూ చూడరు. ఆయన ఇంట్లో లేడని చెబితే కింద వీధికి నష్టం, చెప్పకపోతే పోయేది హుస్సేనప్ప ప్రాణం. వాళ్ళు ఆలోచించి చెప్పకపోవడమే ఎంచుకున్నారు.

పక్కన అంగడిలో హుస్సేనప్ప ఈ మాటలన్నీ విన్నాడు. ఇప్పుడు మోటారు సైకిళ్ళకు పంచర్లు వేస్తున్నాడు. ట్యూబు మీద నుంచి తల ఎత్తలేదు.

"నా ఇల్లంతా టేపు పెట్టి కొలిస్తిరి గదా సార్," అన్నాడు. "ఆ షెడ్డూ ఒకసారి కొలిసుంటే అయిపోయేది."

షెల్టర్ అన్న చోట అందరూ మనిషి కోసం వెతికారు. షెడ్డు అన్న చోట, నాతో సహా, సిమెంటు కోసం వెతికారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊళ్ళోనైనా, కట్టబోయేదాన్ని అక్కడివాళ్ళు ఏమంటారో ముందుగా అడిగి ఆ మాటే వాడాను. కాంట్రాక్టరు షెడ్డు తాళానికి రెండో చెవి నా జేబులో పడ్డాకే ముగ్గు పోయించాను.